కాటుక రేకుల పొడ: విశాఖ నుంచి మన్సూర్‌కోట దాకా

మొదటి రోజు, వన్‌టౌన్

రత్నాచల్ దిగి స్టేషను బయటికి వచ్చేసరికి మా మేనల్లుడు బండి పక్కన నిలబడి ఉన్నాడు. బండికి ఒక పక్క నాలుగడుగుల ఇనప కొక్కెం కట్టి ఉంది, ఇంకో పక్క బిగుతు మూతతో ప్లాస్టిక్ డబ్బా వేలాడుతోంది. నా చూపు ఎటు పోయిందో కనిపెట్టి, "ఖాళీయే అత్తా" అన్నాడు. పొద్దున్నే పెందుర్తిలో ఎవరి కోళ్ళగూట్లోనో నాగుపాము దూరిందట. దాన్ని పట్టి, ఫారెస్టు వాళ్ళకి కబురు చెప్పి, వదిలేసి ఇటే వచ్చాడు. వాడికి కూడు పెట్టేది జిరాక్సు షాపు. పాములు పట్టడం ఊరికే చేసే పని. మా వదిన దృష్టిలో పనీ కాదు, పాడూ కాదు.

నేను రాజమండ్రిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్పాను. ఏటా బోర్డు మీద 'డబోయా రసెలీ' అని రక్తపింజరి పేరు, 'బంగారస్ సీరులియస్' అని కట్లపాము పేరు రాసి, కింద గీత గీసి, మార్కులకి ఇది ముఖ్యం అనేదాన్ని. ఆ రసెల్ ఎవరో, ఆ బంగారస్‌లో బంగారం ఏమిటో ఒక్క పిల్లా అడగలేదు. అడిగి ఉంటే నా దగ్గర జవాబు లేదు. రిటైరయ్యాక తీరిగ్గా కంప్యూటరు ముందు కూర్చుంటే 1796లో లండన్‌లో అచ్చయిన పుస్తకం ఒకటి దొరికింది. కోరమాండల్ తీరంలో పోగుచేసిన పాముల వివరాలు, రంగు బొమ్మలు. రాసింది పాట్రిక్ రసెల్. ఏడో పటంలోని పాము పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. కూడబలుక్కుని పైకి చదివితే 'కాటుక రేకుల పొడ' అని పలికింది.

మళ్ళీ చదివాను. పేజీలు తిప్పితే ఇంకా ఉన్నాయి. జెరీ పోటూ, అంటే జెర్రిపోతు. పస్సెరికీ పామ్, అంటే పసిరిక పాము. చింత నాగు, పెద్ద పొడ, బంగారుమ్ పామా. రెండువందల ఏళ్ళ కిందట ఎవరో మనూరి మనిషి ఆయన ముందు బుట్ట మూత తీసి "ఇది జెర్రిపోతు దొరా" అని ఉంటాడు. దొర విన్నది విన్నట్టు రాసుకున్నాడు. ఈ పేర్లు ఇంకా ఎవరి నోటనైనా ఉన్నాయో లేదో చూద్దామని బయల్దేరాను. బొమ్మలున్న కాయితాలు నలభై ఆరు, మేనల్లుడి షాపులోనే రంగుల్లో తీయించుకున్నాను. డబ్బులు తీసుకోలేదు, అలాగని టీ కూడా పోయించలేదు.

సాయంత్రం వన్‌టౌన్‌లో తిరిగాం. కురుపాం మార్కెట్, కోటవీధి, మూడు మతాల గుళ్ళు మూడు కొండల మీద, అవతల డాల్ఫిన్స్ నోస్. కోట పోయి వీధి పేరు మిగిలింది. రసెల్ నాటి విశాఖపట్నం అంటే ఈ నాలుగు సందులే. టీ కొట్టాయన్ని అడిగితే, "రసెల్ ఎవరు మేడమ్, పోర్టు కాంట్రాక్టరా?" అన్నాడు.

ఎవరంటే, ఎడిన్‌బరోలో వైద్యం చదివినవాడు. 1750లో సిరియాలోని అలెప్పోకి పోయాడు. అక్కడ ఇంగ్లీషు వర్తకులకి వైద్యుడు ఆయన సవతి అన్నే. అన్న తర్వాత ఆ ఉద్యోగం ఈయన చేశాడు. 1760, 61, 62 వరసగా మూడేళ్ళు ప్లేగు చెలరేగితే దాన్ని దగ్గర నుంచి చూసి రాసుకున్నాడు. ఆ రాతలు తర్వాత పెద్ద పుస్తకమయ్యాయి. 1781లో తమ్ముడు క్లాడ్‌కి ఈస్టిండియా కంపెనీ విశాఖపట్నంలో దొరతనం ఇస్తే, తోడుగా ఈయనా ఓడెక్కాడు. పెళ్ళీ పెటాకులూ లేవు. వయసు యాభై దాటింది. మనవాళ్ళయితే కాశీ ప్రయాణం కట్టే ఈడు. 1785లో కంపెనీ కొలువులో ఉన్న ప్రకృతి శాస్త్రజ్ఞుడు కోనిగ్ కాకినాడ దగ్గర చనిపోయాడు. ఆ ఖాళీలోకి రసెల్‌ని తీసుకున్నారు. 1789కల్లా ఇంగ్లండు తిరిగి వెళ్ళిపోయాడు, ఆ పని మొక్కల శాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ చేతికి వచ్చింది. అంటే పాముల మీద ఆయన కొలువు మొత్తం కలిపి నాలుగేళ్ళు! నా సర్వీసులో ఏడో వంతు కూడా సరిగ్గా లేదు.

రాత్రి భోజనాల దగ్గర ఇదంతా చెబితే మా వదిన పులుసు వడ్డిస్తూ, "ఆయనకీ వీడికిలాగే వేరే పని లేదన్నమాట" అని తేల్చేసింది.

రెండో రోజు, ఫిషింగ్ హార్బరు

తెల్లారకుండానే లేపాడు. హార్బరులో బోట్లు వరసగా ఆని ఉన్నాయి. దించుతున్న చేప, పగిలిన ఐసు, వేలంపాట పాడేవాళ్ళ కేకలు. చెప్పులేసుకుని రావడం తప్పని రెండు నిమిషాల్లో తెలిసింది, చేపనీళ్ళలో చెప్పు జారి కూలబడబోయి ఒక జాలరి ఆవిడ భుజం పట్టుకున్నాను. ఆవిడ తిట్టలేదు. "ఏటమ్మా, పడిపోతే తూకం ఏసీగలరు, సూస్కోండి" అంది.

ఆ చనువుతో కాయితాలు తీశాను. నలభై ఒకటో పటం సముద్రపు పాము. వీపు నలుపు, పొట్ట పసుపు, తోక తెడ్డులా చదునుగా ఉంటుంది. రసెల్ దాన్ని 'నల్ల వల్లగీ పామ్' అని రాశాడు. నేను చదివి వినిపించాను. ఆవిడ నా నోటి వంక చూసింది, బొమ్మ వంక చూసింది. "దీనికి పేరేటమ్మా, సముద్రం పామే" అంది. పక్కన వల బాగుచేస్తున్న ముసలాయన మాత్రం ఆ మాట మళ్ళీ అనమన్నాడు. అన్నాను. "పేర్లో వలుంది గదా, వల్లో పడీదే అయ్యుంటాది" అన్నాడు. ఆయన ఊహ కొట్టిపారేయదగ్గది కాదు. ఇదే పుస్తకం రెండో సంపుటంలో, అరవ తీరంలోని తరంగంబాడి నుంచి వచ్చిన సముద్రపు పాముకి 'వలకడియన్' అని అరవ పేరుంది. వలని కొరికేది అని అర్థం. ఈ పాములు తీరానికి వచ్చేదే ఎక్కువగా వలల్లో. వలలోంచి చేప ఏరే చెయ్యి దానికి తగిలితేనే ప్రమాదం. కాటు పెద్దగా నొప్పి ఉండదు, విషం మాత్రం నాగుపాము బంధువుది. ఈ పామే గనక పొరపాటున గట్టున పడితే పాకలేదు. అడుగున పొలుసులు సన్నగిల్లిపోయాయి, ఒళ్ళంతా ఈతకే తయారైంది.

రసెల్ పాముల మనిషని తెలుసుకుని వచ్చాను గానీ, ఆయన ఈ రేవులో చేపల్నీ వదల్లేదు. విశాఖపట్నంలో పోగుచేసిన 200 చేపల బొమ్మలతో 1803లో రెండు సంపుటాలు వేయించాడు. అందులో చదునుగా, గుండ్రంగా ఉన్న ఒక టేకు (ఇంగ్లీషులో రే) జాతి చేప కింద 'తెమెరీ' అని ఉంటుంది. ఇది కూడా చదివి వినిపించాను. ఈసారి పేరు పూర్తికాకముందే ఆవిడ చేతులు దులుపుకుంటూ నవ్వేసింది. "తిమిరి! సెయ్యేత్తే జివ్వుమంటాది. మా మావకి ఓపాలి మోసెయ్యి దాకా ఎక్కింది." కరెంటు కొట్టే చేప అది. మోచెయ్యి దాకా తిమ్మిరెక్కితే తిమిరి అనక ఏమంటారు! ఇంగ్లీషు అక్షరాల్లో రెండువందల ఏళ్ళు చుట్టం చూపుకి పోయివచ్చిన మాట, హార్బరులో చేపలబుట్ట పక్కన మళ్ళీ సొంత గొంతుతో పలికింది. నాకు ఆ రోజుకి అది చాలు. మేనల్లుడు వంజరం కొన్నాడు, బేరం మాత్రం నన్నాడమన్నాడు, ఎక్కువే ఇచ్చాను.

మూడో రోజు, పద్మనాభం అవతల

వరి కోతలయిపోయాయి, కుప్పలు పడ్డాయి. రక్తపింజరి కనబడే కాలం ఇదే. కోసిన చేల్లో ఎలకలు, ఎలకల కోసం పాము, పాము మీద తెలియక మనిషి కాలు. పద్మనాభం దాటాక లోపలికి ఒక ఊరు, మేనల్లుడి స్నేహితుడి అత్తవారిది. అరుగు మీద ఒక మామ్మగారు చేటలో మినుములు చెరుగుతోంది. ఎనభై పైమాటే. చెవులు కొంచెం మందం, కళ్ళు మాత్రం డేగవి.

ఏడో పటం చూపించాను. చూడగానే, "పింజరి" అంది. "రక్తపింజరి." నేను ఊరుకోకుండా, "మామ్మా, దీన్ని కాటుక రేకుల పొడ అని ఎప్పుడైనా విన్నావా?" అని గట్టిగా అడిగాను. చేట కింద పెట్టింది. "పొడపామంటే ఇన్నాను. మా అమ్మోలు అనీవోరు. కాటుక రేకులంటే..." బొమ్మ దగ్గరికి లాక్కుని, పాము వీపు మీద ఒక మచ్చ చుట్టూ వేలు తిప్పింది. "అదిగో, రేకు. సుట్టూ నల్లగా దిద్దినారు కాదా, కంటికి దిద్దినట్టు. అదే కాటుక. బాగానే ఎట్టినారు పేరు, ఎవులెట్టినారో."

నేను ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పిన గుర్తులు ఏమిటి? ముక్కోణపు తల, గరుకు పొలుసులు, మూడు వరసల మచ్చలు. పరీక్షలో రాయడానికి బావుంటాయి. గడ్డి మీద సగం కనబడుతున్న పాము దగ్గర, తల కుప్ప కింద ఉంటే, ఏం ముక్కోణం చూస్తాం? మచ్చ కనబడుతుంది. మచ్చ నిండా గోధుమరంగు, దాని చుట్టూ నల్లటి గీత. రేకు, కాటుక. పేరు తెలిస్తే పాము తెలిసినట్టే. రసెల్ పట్టుదల కూడా ఇదే. విషం ఉన్న పాముని లేనిదాని నుంచి మామూలు మనిషి ఎలా విడదీస్తాడు అన్నదాని కోసమే ఆయన ఇంత తంటా పడ్డాడు.

సరే, ఇంత చెప్పినదాన్ని, ఆ మధ్యాహ్నమే పరువు పోగొట్టుకున్నాను. కల్లం గట్టు మీద నడుస్తుంటే గడ్డిలో లావుగా, పొట్టిగా, మచ్చల మచ్చలుగా పడుంది. "పింజరి! వెనక్కి రండి!" అని అరిచాను. కుప్ప మీదున్నవాళ్ళు కిందికి దూకారు, ఒకడు కర్రకి పరిగెత్తాడు. మేనల్లుడు వంగి చూసి, కొక్కెం పక్కన పడేసి, ఉత్త చేత్తో దాన్ని ఎత్తాడు. నా గుండె ఆగినంత పనయింది. "నాలుగో పటం అత్తా" అన్నాడు నెమ్మదిగా. నాలుగో పటం అంటే 'పడైన్ కూటూ' అని రసెల్ రాసుకున్న ఇసుకపాము, రెండుతలల పాముకి దగ్గర చుట్టం. విషం చుక్క లేదు. చూడు అని నా ముఖం దగ్గరికి తెచ్చాడు. మచ్చలున్నాయి, కానీ ఒకదాంట్లోకి ఒకటి కారిపోయి, తడి చేత్తో తుడిచిన ముగ్గులా ఉన్నాయి. విడివిడి రేకులు లేవు. అంచున కాటుక లేదు. తోక బాగా పొట్టిగా, మొనదేలి ఉంది. రక్తపింజరి మెడ సన్నగా ఉండి తల విడిగా తెలుస్తుంది, దీనికి మెడే లేదు. కర్ర తెచ్చినవాడు ఇంకా కర్ర పట్టుకునే ఉన్నాడు. పాఠం చెప్పేదాని కేకకి ఒక అమాయకపు పాము ప్రాణం పోయేది.

ఆ ఊళ్ళోనే, కిందటేడు కోతల్లో నిజంగా రక్తపింజరి కరిచిన ఒకాయన మాట్లాడాడు. యాభై ఏళ్ళుంటాయి, కౌలు రైతు. కుడి పిక్క మీద చర్మం మడతపడి నల్లబడి ఉంది. కరిచిన చోట కట్టు కట్టవద్దని అక్కడెవరికో తెలిసుండి, కదలనివ్వకుండా ఆటోలో వేశారట. "ఆస్పటల్లో రగతం తీసి గాజు గొట్టంలో పోసి గోడ గడియారం సూత్తా కూకున్నారు. ఏటి సేత్తన్నారో నాకు తెలీనేదు. ఇరవై నిమిసాలయినాక గొట్టం వంచితే నీళ్ళలాగ కారిపోనాది. అప్పుడు డాట్రు పరిగెత్తినాడు." ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తం అంతసేపట్లో గడ్డ కట్టాలి. రక్తపింజరి విషం ఆ గడ్డకట్టే సరుకునంతా ముందే ఖర్చు పెట్టించేస్తుంది. పళ్ళచిగుళ్ళ నుంచి, మూత్రంలో నెత్తురు పడుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఈయనకి పది సీసాల విరుగుడు ఎక్కించారు. (ఇదే విషాన్ని పలచన చేసి, పెద్ద ఆస్పత్రుల ల్యాబుల్లో రక్తం గడ్డకట్టే జబ్బులకి పరీక్షగానూ వాడతారు. క్లాసులో ఈ మాట చెబితే పిల్లలు నమ్మేవాళ్ళు కాదు.)

రసెల్‌కి ఇవేవీ తెలియవు. గుర్రాల రక్తం నుంచి విరుగుడు తీయడం ఆయన వెళ్ళిపోయిన వందేళ్ళకి, 1890లలో గానీ రాలేదు. ఆయన చేతిలో ఉన్నవి పాము, కోడి, కుక్క, గడియారం. ఏ పాముతో కరిపిస్తే ఏ జీవి ఎంతసేపట్లో ఎలా పోయిందో రాసుకునేవాడు. తంజావూరు మాత్ర అని అప్పట్లో పాముకాటుకి పేరుమోసిన మందు ఉండేది, పాషాణం కలిపి చేసేవారు. దాన్నీ అలాగే పరీక్ష పెట్టాడు. ఆ పేజీలు చదవడం నాకు కష్టమే అయింది, కుక్కల దగ్గర వదిలేసి రెండు రోజులు పుస్తకం ముట్టలేదు. అలాగని, ఆ లెక్కలు లేకుండా, చూడడానికి అలికిడి లేకుండా పడుండే ఈ పొడపాము నాగుపాము తర్వాత అంతటిదని ఆయన చెప్పగలిగేవాడూ కాదు. అంతకుముందు యూరపు వైద్యుల లెక్కల్లో ఈ పాము లేదు. 1797లో లండన్‌లో దీనికి శాస్త్రీయ నామం పెట్టినవాళ్ళు రసెల్ పేరు తగిలించారు. ఆయన మాత్రం మామ్మగారి అమ్మవాళ్ళ మాటే రాసుకున్నాడు.

నాలుగో రోజు, మన్సూర్‌కోట

పొద్దున్న రైలెక్కి బరంపురం. పలాసలో జీడిపప్పు, సోంపేట దాటాక కొబ్బరితోటలు, ఇచ్ఛాపురంతో మన రాష్ట్రం అయిపోతుంది. మాట అయిపోదు. బరంపురంలో ఆటో అతను నా ముఖం చూసే తెలుగు మొదలుపెట్టాడు. 1936 దాకా గంజాం మద్రాసు రాష్ట్రంలోదే, ఇళ్ళల్లో రెండు భాషలూ ఒకే సంచిలో ఉంటాయి.

'బంగారుమ్ పామా' అన్న మూడో పటం పాము రసెల్‌కి వచ్చింది గోపాలపూర్ దగ్గరి మన్సూర్‌కోట నుంచి. పసుపు పట్టీ, నలుపు పట్టీ, మళ్ళీ పసుపు, తల నుంచి తోక దాకా పోచీల్లేని గాజుల వరస. వీపు మధ్య గట్టు కట్టినట్టు లేచి ఉంటుంది, తోక చివర మొండి. బంగారు పాము అనకుండా ఉండడానికి కారణం కనబడదు. 1803లో పారిస్‌లో దోడాఁ అనే ఆయన ఈ జాతి మొత్తానికి పేరు పెట్టవలసివచ్చి, ఈ తెలుగు మాటకే లాటిన్ తోక తగిలించి 'బంగారస్' అన్నాడు. అప్పటి నుంచి శ్రీలంక నుంచి ఇండోనేసియా దాకా ఎక్కడ కట్లపాము దొరికినా దాని ఇంటిపేరు మన బంగారమే.

తమాషా ఏమిటంటే, మన ఇళ్ళల్లోకి వచ్చే కట్లపాము ఒంటి మీద బంగారం పిసరు లేదు. నల్లగా నిగనిగలాడుతూ తెల్లటి సన్న గీతలు. రసెల్ దాన్ని విశాఖలోనే చూశాడు, మొదటి పటం అదే. 'గెడీ పరగూడూ' అని రాశాడు. ఆ మాట మూడు రోజులుగా నేను అడగని మనిషి లేడు, తెలిసిన మనిషీ లేడు.

ఆ పాము దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. మా పెదనాన్నగారి రెండోవాడు, నాకంటే ఏడాది చిన్న, పదకొండో ఏట పోయాడు. ఎండాకాలం, అందరం వసారాలో చాపల మీద పడుకున్నాం. అర్ధరాత్రి లేచి కడుపులో నొప్పి అన్నాడు. వాము నీళ్ళు పట్టారు. కళ్ళు వాలిపోతుంటే నిద్రొస్తోందనుకున్నారు. తెల్లారేసరికి ఊపిరి లేదు. ఒంటి మీద గాటు కూడా కనబడలేదు. దిష్టి అన్నారు, గాలి అన్నారు. డిగ్రీ రెండో ఏడు విషసర్పాల పాఠంలో కట్లపాము రాత్రే తిరుగుతుందని, కోర చిన్నదని, గాటు తెలియదని, కడుపునొప్పితో మొదలై రెప్పలు వాలిపోతాయని చదువుతుంటే పుస్తకం మూసేసి బయటికి వచ్చేశాను. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. ఇప్పుడు చెప్పడానికి పెదనాన్నగారూ లేరు, పెద్దమ్మా లేదు. 2000 నుంచి 2019 దాకా ఈ దేశంలో పాముకాటుకి పోయినవాళ్ళు సుమారు 12 లక్షలని, ఏటా 58 వేలని లెక్క వేశారు. మావాడి కాలంలో లెక్కే లేదు, ఉన్నా మావాడు అందులో పడేవాడు కాదు.

మన్సూర్‌కోట చుట్టూ ఇసుక, సరుగుడు, మొగలి పొదలు. గంజాం మొగలిపువ్వు అత్తరుకి ప్రసిద్ధి, పొదల్లో పాముంటుందన్న భయం దానికి సమానంగా ప్రసిద్ధి. పొద పక్కన కూర్చున్న పెద్దాయనకి బొమ్మ చూపించాను. సగం ఒడియాలో సగం తెలుగులో, "రణా" అన్నాడు. "పగలు ఏం అనదు. తల చుట్టలో దాచుకుని పడుంటుంది. వేరే పాముల్ని తింటుంది, మంచిది." బంగారు పాము అంటారా అని అడిగితే తల అడ్డంగా ఊపి, కాసేపు బొమ్మ చూసి, "అనొచ్చు" అన్నాడు. పేరు పుట్టిన ఊళ్ళో పేరు లేదు. మనకి దొరికే విరుగుడు మందు నాలుగు పాములకి తయారవుతుంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. ఈ రణా ఆ నాలుగింట్లో లేదు. ఆ మాట మేనల్లుడు చెబితే పెద్దాయన, "అందుకే దాని జోలికి పోవద్దు" అన్నాడు, మాకేదో సందేహం ఉన్నట్టు.

తిరుగు రైల్లో సీటు దొరకలేదు. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం రోడ్డు దాకా తలుపు దగ్గర నిలబడ్డాం. నలభై ఆరు కాయితాల్లో పది మజ్జిగ సీసా లీకై తడిసిపోయాయి.

అయిదో రోజు, భీమిలి రోడ్డు

మధ్యాహ్నం రత్నాచల్‌కి వెళ్ళాలి. పొద్దున్న ఏడింటికి మేనల్లుడి ఫోను మోగింది. భీమిలి రోడ్డులో కొత్తగా కట్టిన ఇల్లు, పెరట్లో కొబ్బరిమట్టల పోగు. "వస్తావా అత్తా?" అన్నాడు. వదిన నా వంక చూసిన చూపు ఇక్కడ రాయను.

మట్టల కింద నుంచి వినబడింది ముందు. కుక్కరు విజిల్ వేసే ముందు ఊపిరి పోసుకుంటుందే, ఆ చప్పుడు, ఆగకుండా. మేనల్లుడు నన్ను రెండు బారల దూరంలో నిలబెట్టి ఒక్కో మట్టా కొక్కెంతో లాగాడు. నాలుగో మట్ట కింద ఉంది. చుట్ట చుట్టుకుని, మెడ ఇంగ్లీషు 'ఎస్' లా వెనక్కి లాగి. పగటి వెలుగులో, గాజు సీసాలో కాకుండా, ప్రాణంతో ఉన్నదాన్ని ఇంత దగ్గరగా చూడడం నాకు ఇదే మొదలు. ముప్ఫై ఒక్క ఏళ్ళు నేను చూపించింది స్పిరిటులో తెల్లబోయిన పాముని.

వీపు మధ్యన ఒక వరస, పక్కలకి చెరో వరస. ఒక్కో మచ్చ కోడిగుడ్డు ఆకారం, లోపల ఎండిన కుంకుడుకాయ రంగు. దాని చుట్టూ నల్లటి అంచు. సన్నగా మొదలై, మలుపు దగ్గర లావెక్కి, మళ్ళీ సన్నబడి, అచ్చం అనుభవం ఉన్న చెయ్యి కంటికి దిద్దినట్టు. ఆ నలుపు బయట మళ్ళీ తెల్లటి గీటు, కాటుక చెదిరితే కొనగోటితో తుడిచినంత సన్నం. బుస కొట్టినప్పుడల్లా ఒళ్ళు ఉబ్బి రేకులు విచ్చుకుంటున్నాయి, ఊపిరి వదిలితే ముడుచుకుంటున్నాయి. దొర గీయించిన బొమ్మలో ఇది లేదు. పేరు పెట్టినవాడు చూశాడు.

కొక్కెం నడుం కింద పోనిచ్చి, గొట్టం మూతి తల ముందు పెట్టాడు. చీకటి కనబడగానే పాము తనంతట తనే గొట్టంలోకి జారింది. గొట్టం నుంచి డబ్బాలోకి. మూత బిగించి, జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీశాడు. తేదీ, చోటు, పాము, పొడవు, వదిలిన చోటు అని గడులు. ఇంటావిడ గుమ్మంలోంచే, "ఏం పామండీ? విషం ఉందా?" అంది. వెనకాల ఆరేడేళ్ళ పిల్ల ఆవిడ కొంగు పట్టుకుని తొంగి చూస్తోంది.

"రక్తపింజరమ్మా, చాలా విషం. మట్టలు ఇంటికి ఆనించి వేయకండి, రాత్రి లైటు లేకుండా పెరట్లోకి రాకండి" అన్నాడు వాడు.

"మచ్చలు కనబడితే చూడు," అని నేను పిల్లతో అన్నాను, "చుట్టూ కాటుక ఉందా లేదా అని. కాటుక ఉంటే దూరంగా పో, అమ్మని పిలు."

ఆ పిల్ల తన కన్ను తడుముకుని చూసుకుంది.

ఫారెస్టు ఆయనకి ఫోను చేస్తే కంబాలకొండ వైపు తీసుకురమ్మన్నాడు. డబ్బా కట్టే తాడు తెగిపోయింది. "ఒళ్ళో పెట్టుకో అత్తా, మూత గట్టిదే" అన్నాడు. చీర కుచ్చెళ్ళు సర్దుకుని వెనక కూర్చుని, రెండు చేతులతో డబ్బా పట్టుకున్నాను. లోపలి నుంచి బుస నా మోకాళ్ళకి తెలుస్తోంది. రత్నాచల్‌కి ఇంకా మూడున్నర గంటలుంది.

"స్పీడు బ్రేకర్ల దగ్గర మెల్లిగా పోనియ్యరా" అన్నాను.